పడిన స్విచ్చిని లేపిన మా తోడికోడలు

మలేషియాలోని సుంగై పెటానిలో మా ఇంటికి దగ్గర్లో ఒక చీనా ఆయన హార్డ్‌వేర్ కొట్టు ఉంది. మొన్న వంటింటి కుళాయికి వాషర్ కోసం వెళ్ళాను. వాషర్ ఇచ్చి ఊరుకోవచ్చు కదా. గాజు బల్ల మీద అరచేయంత తెల్ల పెట్టె ఒకటి తీసి పెట్టాడు.

“ఇది పెట్టించుకో ఆంటీ. పిడుగుకి మెయిన్ స్విచ్చి పడిపోతే దానంతట అదే లేస్తుంది. నువ్వు సెలవులకి ఊరెళ్ళినా ఫ్రిజ్‌లో చేపలు కుళ్ళవు” అన్నాడు మలాయ్‌లో. ఆ పెట్టెని ముద్దుగా నిమిరి, “జపాన్ వాళ్ళ బుర్రే బుర్ర” అన్నాడు.

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ పెట్టె కనిపెట్టిన మా తోడికోడలు ఈ కొట్టుకి తరచూ వచ్చేది. స్క్రూల డబ్బాల ముందు నిలబడితే ఇల్లూ వాకిలీ గుర్తుండేవి కావు. ఇంత వచ్చినా ఈయనకి ఆ పెట్టె ఆవిడదని తెలీదు. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది, ఇక తెలియదు కూడా. కానీ ఆ హాయి పట్టుమని నిమిషం కూడా నిలవలేదు. “జపాన్ కాదు, మా తోడికోడలు” అని నా నోరే అనేసింది. ఆయన నమ్మలేదు. నమ్మించేదాకా అక్కడే నిలబడి ఆవిడ గొప్పలన్నీ చెప్పి, కొన్న వాషర్ బల్ల మీదే మర్చిపోయి ఇంటికొచ్చాను. బతికున్నన్నాళ్ళూ ఎవరి దగ్గరా ఆవిడ్ని మెచ్చుకోలేదు నేను. పోయాక నా చేత ఈ పని కూడా చేయిస్తోంది.

మా ఆయన అన్నగారి భార్య. వయసులో పెద్ద తేడా లేకపోయినా వరసకి అక్క. ఇద్దరం చదివింది ఎలక్ట్రానిక్సే. ఇద్దరం చేరింది ఒకే ఫ్యాక్టరీ. ఒకే వరస ఇళ్ళలో, మధ్య గోడ పంచుకుని కాపురాలు చేశాం. ఇద్దరి తాతలూ విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పడ్డవాళ్ళే. ఇన్ని ఒకటైనప్పుడు మిగిలినవీ ఒకటి కావాలని నేననుకోవడంలో తప్పేముంది? ఆవిడ డిజైన్ విభాగం, నేను టెస్టింగ్. ఆవిడ కొత్త సర్క్యూట్ కడుతుంది. నేను దాన్ని వేడిలోనూ తేమలోనూ పెట్టి, కరెంటు ఎక్కువా తక్కువా చేసి, ఎలాగైనా పాడు చేయాలని చూస్తాను. పాడైతే ఎక్కడ పాడైందో చెప్తాను. కట్టినవాళ్ళకి పేరు వస్తుంది. కూల్చినవాళ్ళకి ఏం వస్తుంది?

పేరంటే ఊరికే నోటి మాట కాదు. మా ఫ్యాక్టరీలో క్యాంటీన్‌కి పోయే దారిలో ఒక గోడ ఉంది. కొత్తది కనిపెట్టి పేటెంట్ తెచ్చినవాళ్ళ పేరు ఇత్తడి రేకు మీద చెక్కి ఆ గోడకి బిగిస్తారు. చీనా పేర్లున్నాయి, మలాయ్ పేర్లున్నాయి, అరవ పేర్లున్నాయి. తెలుగు పేరంటే అప్పట్లో ఆవిడదే, అదీ రేకు పక్కన రేకు. అన్నం తినాలంటే ఆ గోడ దాటాలి. తల తిప్పకుండా దాటడం నేర్చుకున్నాను గానీ, ఆకలి సగం అక్కడే చచ్చిపోయేది. నాకు నగలక్కర్లేదు, పెద్ద కారక్కర్లేదు. ఆ గోడ మీద నా పేరుతో ఒక్క రేకు కావాలి. దాన్ని ఆవిడ చూడాలి. చూసి ఆ పూట ఆవిడకి అన్నం సయించకూడదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా కోరికంతా ఇదే.

చూడటానికి ఏమంత మనిషి కాదు. పొట్టి. ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఏసీ చలికి అలవాటు పడి, మాడు పగిలే ఎండలో కూడా గోధుమ రంగు స్వెటర్ తొడుక్కుని తిరిగేది. ఆ స్వెటర్ జేబులో టెస్టర్ స్క్రూడ్రైవర్ ఒకటి, కరెంటు తీగలకి చుట్టే నల్ల టేపు చుట్ట ఒకటి ఎప్పుడూ ఉండేవి. ఏదైనా యంత్రం చెడితే ముందు దానికి ముక్కు ఆనించి వాసన చూసేది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్తగారి మిక్సీని అలా వాసన చూస్తుంటే, ఈ పిల్లకి ఏదో ఉందని చుట్టాలంతా గుసగుసలాడుకున్నారట. మిక్సీ బాగయ్యాక ఆ గుసగుసలే పొగడ్తలయ్యాయి. నా నోట్లో మాత్రం అవి గుసగుసలుగానే మిగిలాయి.

ఏదడిగినా వెంటనే జవాబు చెప్పేది కాదు. “అక్కా, తిన్నావా?” అన్నా సరే, నా మొహంలోకి చూసి, కాస్త ఆగి, అప్పుడు “తిన్నాను” అనేది. తిన్నదీ లేనిదీ కూడా ఆలోచించుకోవాలా? వినపడలేదేమోనని మొదట్లో రెండోసారి గట్టిగా అడిగేదాన్ని.

“ఇనపడినాది అమ్మీ” అంది ఒకరోజు. “నువ్వు తిండి కోసమే అడుగుతున్నావో, కడుపులో ఇంకేటైనా ఉందో సూసుకుంటన్నాను.”

కడుపులో ఉన్నది ఆవిడకి కనపడిందేమోనని ఆ రోజంతా నాకు భయం. ఆవిడ కట్టిన సర్క్యూట్లన్నీ అంతే. తీగ మీద ఏ కబురొచ్చినా ఎగిరి గంతెయ్యవు. ఇది నిజం కబురా, ఉత్త గోలా అని తేల్చుకున్నాకే కదులుతాయి. మా మేనేజరు దీన్ని పెద్ద తెలివి అనేవాడు. నేను నత్తనడక అనేదాన్ని. అందని ద్రాక్ష పుల్లగానే ఉంటుంది మరి.

ఇక పెళ్ళిళ్ళ సంగతి. పట్టుచీర కట్టుకుని, జడ నిండా పూలు పెట్టుకుని వెళ్ళేదాన్ని నేను. నన్ను చూసేవాళ్ళుండరు. హాల్లో మైకు మూలగడం మొదలుపెడితే చాలు, “ఆయమ్మ ఏదీ, స్వెటర్ ఆయమ్మ” అని వెతుకుతారు. ఆవిడ వెళ్ళి ఏదో తీగ అటు నుంచి ఇటు మార్చగానే మూలుగు ఆగిపోతుంది. పెళ్ళికొడుక్కి దక్కని చప్పట్లు ఆవిడకి దక్కుతాయి.

పోనీ వంట వచ్చా అంటే, అదీ లేదు. చారు పెడితే గిన్నె మాడుతుంది. మా అత్తగారు నా చేపల పులుసుతో మారు వడ్డించుకుని మరీ తిని, చెయ్యి కడుక్కుంటూ, “పెద్దదానికి పావం, వంట సేసుకోడానికి టయిమెక్కడిది” అనేది. నా పులుసు తిని ఆవిడ మీద జాలి పడటం ఏం న్యాయం?

అసలు సంగతి జరిగింది కూడా అలాంటి పులుసు రోజునే. అత్తగారు ఉండేది మా ఇంట్లో. ఆదివారం మధ్యాహ్నం బావగారూ ఆవిడా మా ఇంటికే భోజనానికి వచ్చేవారు. ఆ వేళ మబ్బు పట్టింది. మా ఊళ్ళో మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే పిడుగు పడక మానదు. పడిందంటే స్విచ్చి పడక మానదు. ఇంట్లో ఎక్కడైనా కరెంటు దారి తప్పి భూమిలోకి కారుతుంటే, మనిషికి షాక్ కొట్టి ప్రాణం పోకుండా టక్కున పడిపోయే స్విచ్చి ప్రతి ఇంటి పెట్టెలోనూ ఉంటుంది. కానీ ఎక్కడో పిడుగు పడినా తీగల్లోకి ఒక్క విసురు కరెంటు వచ్చి పోతుంది. రెంటికీ తేడా ఆ స్విచ్చికి తెలీదు. పాపం, ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని పడిపోతుంది. ఇంట్లో మనుషులుంటే లేపుతారు. లేకపోతే ఫ్రిజ్ ఆగిపోయి, ఊరి నుంచి వచ్చేసరికి కుళ్ళిన కంపు వీధి దాకా వస్తుంది.

మా అత్తగారికి ఈ స్విచ్చి లేపడంలో ఒక పద్ధతి ఉంది. పిడుగు చప్పుడు వినగానే తోటలో వాళ్ళమ్మ నేర్పినట్టు “అర్జునా, ఫల్గుణా” అని మొదలుపెడుతుంది. స్విచ్చి పడిపోయినా సరే, అర్జునుడి పేర్లన్నీ అయ్యేదాకా కుర్చీలోంచి లేవదు. అవయ్యాక తోటలో గుడి ఉన్న మునీశ్వరుడికి ఒక దండం. అప్పుడు లేచి, పెట్టెలో చిన్న స్విచ్చిలన్నీ కిందికి దించి, పెద్దదాన్ని లేపి, చిన్నవాటిని ఒక్కొక్కటిగా చెవొగ్గి లేపుతుంది. దేన్ని లేపినప్పుడు పెద్దది మళ్ళీ పడిపోతుందో దాన్ని వదిలేస్తుంది. “ఇదే దొంగ. దీన్ని ముట్టకండి” అంటుంది.

“సీక్రం అత్తా, ఫ్రిజ్ ఆగిపోనాది” అన్నాను ఆ వేళ కూడా, ఎప్పటిలాగే.

“ఆగు లా. పిడుగేసినాయన ఇంకా ఇక్కడే నిలబడున్నాడు. ఆయన్ని ఎల్లనీ. ఇప్పుడు లేపితే మళ్ళీ పడిపోతాది” అంది. మాట చివర ‘లా’ తగిలించడం ఈ దేశంలో అందరికీ అలవాటే.

మా తోడికోడలి చేతిలో ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. అత్తగారు దండం పెట్టడం, లేవడం, ఒక్కొక్కటీ లేపడం, కళ్ళు ఆర్పకుండా చూసింది. దీపాలన్నీ వెలిగాక నెమ్మదిగా అడిగింది.

“అత్తా, పేర్లన్నీ అయిపోయినాక లేపినా పడిపోతే?”

“అప్పుడది పిడుగు కాదు, ఇంట్లో దొంగ. మొండిగా లేపకూడదు. సంపేస్తాది.”

మా తోడికోడలు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, ఆ వానలోనే తన ఇంటికి వెళ్ళిపోయింది. పులుసులో ఉప్పు తగ్గిందేమోనని నేను రుచి చూశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

కొన్ని నెలలకి ఆ సర్క్యూట్ తయారైంది. స్విచ్చి పడగానే లేవదు, కాస్త ఆగుతుంది. తర్వాత, షాక్ కొట్టనంత సన్నటి కరెంటు తీగల్లోకి పంపి తడిమి చూస్తుంది. ఎక్కడా కారడం లేదంటే స్విచ్చిని లేపుతుంది. కారుతోందంటే లేపకుండా కీచుమంటుంది. అంటే, మా అత్తగారే. అత్తగారిని చిన్నది చేసి ప్లాస్టిక్ పెట్టెలో కూర్చోబెట్టింది. ఆ స్విచ్చి నా ఇంటి గోడకి ఉంది. ఆ పేర్లు చదివింది నా ఇంటి కుర్చీలో. పెళ్ళయిన నాటి నుంచీ ఆ తంతు చూస్తూ, “సీక్రం, సీక్రం” అని తొందరపెట్టినదాన్ని నేను. అదే చదువు నాదీ, అవే కళ్ళు నావీ. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా బతుకు. భోజనానికొచ్చిన మనిషి నా ఇంట్లోంచి ఇత్తడి రేకు ఎత్తుకుపోయింది. సొమ్మొకరిది, సోకొకరిది.

దాన్ని తెచ్చి నా బల్ల మీదే పెట్టింది. “అమ్మీ, దీన్ని సంపు” అంది. ఏ సర్క్యూట్ తెచ్చినా అదే మాట. మిగతా డిజైన్ వాళ్ళు, మా దాన్ని కాస్త చూసీ చూడనట్టు పోనివ్వమని టీ ఇప్పించేవారు. ఈవిడ మాత్రం చంపమనేది.

సరే, చంపాను. ప్రాణం పెట్టి చంపాను. మామూలు పరీక్షలన్నింటికీ అది నిలబడింది. నేను బాత్‌రూమ్ హీటరు పాతదొకటి తెప్పించాను. లోపలి కడ్డీ బీటలు వారి ఉంది. అది చల్లగా ఉన్నప్పుడు కారదు, కాగినప్పుడే కారుతుంది. సర్క్యూట్ తడిమి చూసింది, చల్లగా ఉంది కాబట్టి అంతా బాగుందనుకుని లేపింది. హీటరు కాగింది, కారింది, స్విచ్చి పడింది. కాస్త ఆగేసరికి చల్లారింది. మళ్ళీ లేపింది. దొంగని తనే తలుపు తీసి మళ్ళీ మళ్ళీ లోపలికి పిలుస్తోంది. ఆ వేళ టెస్టింగ్ గది నుంచి డిజైన్ గదికి నడిచిన నడక, నా పెళ్ళిలో పీటల మీదికి నడిచిన నడక కంటే బాగుంది.

చెప్పాను. ఎప్పటిలాగే ఆగింది. మొహం మాడుతుందని కళ్ళలో వత్తులేసుకుని చూశాను. నా రెండు చేతులూ పట్టేసుకుంది.

“బతికించినావు అమ్మీ! ఎవరో స్నానానికెల్లి సచ్చిపోయేవోరు” అని, నన్ను ల్యాబంతా లాక్కెళ్ళి, “మా సెల్లి పట్టుకున్నాది, మా సెల్లి” అని ఇంగ్లీషులో ఒకరికీ మలాయ్‌లో ఒకరికీ చెప్పుకుంటూ తిరిగింది. ఓడిపోయినవాళ్ళు ఏడవాలి. ఇలా పండగ చేసుకుంటే గెలిచినవాళ్ళు ఏం చేయాలి?

ఆ తప్పు దిద్దేసింది. పిడుగు కరెంటు ఒక్కసారి ఎగసి పోతుంది, హీటరు కరెంటు మెల్లగా పెరుగుతుంది కాబట్టి, పడేముందు ఎలా పెరిగిందో సర్క్యూట్ గుర్తుంచుకునేలా చేసింది. పేటెంట్ వచ్చింది. రేకు మీద నా పేరు కూడా వెయ్యమని వెళ్ళి అడిగిందట. తప్పు పట్టినవాళ్ళు కనిపెట్టినవాళ్ళ కిందికి రారని పైవాళ్ళు అన్నారట. “అడిగినాను అమ్మీ, కుదరదన్నారు” అని ఆవిడే వచ్చి చెప్పింది, కళ్ళలో నీళ్ళు తిప్పుకుంటూ. “పర్లేదు లా అక్కా” అన్నాను. రేకు బిగించిన రోజు మైకులో నా పేరు చెప్పి దండం పెట్టింది. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నా కడుపుమంటతో ఆ హాల్లో దీపాలన్నీ వెలిగించొచ్చు.

తర్వాత జబ్బు చేసింది. చూడటానికి వెళ్తే మంచం మీద అదే స్వెటర్, ఒళ్ళో ఒక బోర్డు. ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు వచ్చాయి కదా, వాటితో కొత్త చిక్కు వచ్చిపడింది. ఆ పలకల నుంచి ఎప్పుడూ కాస్త కరెంటు భూమిలోకి కారుతూనే ఉంటుంది. అందులో ప్రమాదం లేదు. కానీ ఆవిడ సర్క్యూట్ దాన్ని కూడా దొంగే అనుకుని, స్విచ్చిని లేపడం మానేస్తోంది.

“నాకు అందలేదు అమ్మీ. నువ్వు సూడు.”

“నేను సంపేదాన్ని అక్కా. కట్టేదాన్ని కాదు.”

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోయాను.

“ఎక్కడ సస్తాదో నీకు తెలుసు. కట్టడానికి ఇంకేటి కావాల?” అని బోర్డు నా చేతిలో పెట్టింది.

నా మీద జాలి పడి ఇచ్చిందనుకున్నాను. ఇప్పటికీ అలా అనుకోవడమే నాకు ఇష్టం. ఆ నెలలోనే పోయింది. ఫ్యాక్టరీ అంతా కదిలొచ్చింది. అత్తగారిని పట్టుకుని ఏడ్చినవాళ్ళలో మాకు పేరైనా తెలియనివాళ్ళున్నారు. నేను ఒక మూల కూర్చుని, నేను పోతే వీళ్ళలో ఎవరెవరు వస్తారా అని మొహాలు చూస్తూ ఉన్నాను.

బోర్డుని చాలా నెలలు ముట్టుకోలేదు. ఒకరోజు క్యాంటీన్ దారిలో ఆ గోడ దాటుతుంటే, ఆవిడ లేకపోయినా ఒంట్లో ఎప్పటి మంట అప్పటిలాగే కాస్త రగిలింది. అది నాకు రోజూ ఉండేదే. దాంతోనే వండాను, తిన్నాను, ఉద్యోగం చేశాను. ప్రాణమేమీ పోలేదు. రోజూ ఉండేదానికి మించితే కదా ప్రమాదం. అన్నం తినకుండా వెనక్కి తిరిగి టెస్టింగ్ గదికి వెళ్ళాను. ప్రతి ఇంటికీ రోజూ కారే కరెంటు ఎంతో ముందే కొలిచి గుర్తు పెట్టుకుని, దానికి మించి కారినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఇంతే చెయ్యాలి. నాకు చేతనైంది. అన్ని రకాలుగా చంపి చూశాను, చావలేదు.

పోయిన వారం రేకు బిగించారు. ఆవిడ రేకుల వరస చివర, నా పేరు. ఎదురుగా నిలబడి అక్షరాలన్నీ చదువుకున్నాను. ఆకలేమీ చావలేదు, అన్నం శుభ్రంగా తిన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో ఐకన్ బిలిస్ ముందేసుకుని, ఆ ఎండుచేపల తలలు తుంచుతూ కూర్చుంది.

“అత్తా, గోడ మీద నా పేరు ఎక్కించినారు.”

“ఎక్కడ?”

“అక్క పక్కన.”

మా అత్తగారికి నా సంగతి మొదటి నుంచీ తెలుసు. నన్ను సంతోషపెట్టాలని నవ్వుతూ అంది. “ఇప్పటికి నీ కడుపు సల్లబడినాదా? పెద్దదే ఉంటే నిన్ను సూసి కుళ్ళిపోయేది.”

“లేదత్తా. అక్క కుళ్ళుకోదు. సంబరపడిపోయేది. నా సెయ్యి పట్టుకుని క్యాంటీనంతా తిప్పి, మా సెల్లి, మా సెల్లి అని అందరికీ సూపించేది.”

“మంచిదే కదా లా.”

“ఏటి మంచిది? అది సూసి నాకు మళ్ళీ ఒళ్ళు మండిపోయేది” అన్నాను. “ఇప్పుడు నేనెవర్ని సూసి మండాలత్తా?”

ఆవిడ పోయిన రోజున రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.